ఇంటి మొక్కలు: వాటి మేలు, వాటి మేత

నిజాంసాగరు ఆయకట్టు రైతులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము



వరిని గురించి, చెరకును గురించి, మొక్కజొన్నను గురించి మీతో మాట్లాడినవారు పలువురు కలరు. నేడు నేను చెప్పబోవునది ఎకరములలో కొలుచు పంట కాదు. మీ ఇంటి వాకిలిలో, వంటయింటి వెనుక, మెట్ల ప్రక్కన, కుండీలలో పెంచు నాలుగైదు మొక్కలను గురించి చెప్పదలచితిని. ‘ఇది ఆడవారి ముచ్చట, పట్నవాసుల వేడుక, రైతుకెందుకు’ అని మీలో కొందరికి తోచవచ్చును. సస్యశాస్త్రము బోధించువాడనగుటచే, ఇది రైతుకే ఎక్కువ అవసరమని నేను తలచుచున్నాను. ఎందుకో చెప్పెదను.

మంజీరా నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ 1923లో పని మొదలుపెట్టి, 1931లో పూర్తిచేసిన నిజాంసాగరు జలాశయము ఈ సీమ రూపమునే మార్చివేసినది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు వంటి ఇంజనీరు తలపెట్టిన ఆ కట్ట వలన 2 లక్షల 75 వేల ఎకరములకు నీరు అందవలెనని మొదట ఏర్పాటు చేసిరి. నీరు వచ్చినది, వరి వచ్చినది, గాదెలు నిండినవి. కాని కాలువ క్రింది పల్లెలలో నేడొక వింత కనిపించుచున్నది. ఊరి చుట్టును కనుచూపు మేర పచ్చదనము. ఇంటి ముందు మాత్రము పచ్చని ఆకు లేదు. పెంకుటిల్లు పోయి మిద్దె వచ్చినది. పెరడు పోయి గచ్చు వచ్చినది. పూర్వము పెరటిలో పుంటికూర, బచ్చలి, చిక్కుడు పందిరి, కరివేప చెట్టు ఉండెడివి. ఇప్పుడు పుట్ల కొలది వడ్లు పండించు రైతు, కొత్తిమీర కట్ట కొరకు బాన్సువాడ అంగడికో, ఎల్లారెడ్డి అంగడికో పోవుచున్నాడు. ఆనాడు తేనిచో ఆ పూటకు ఆకు లేదు.

పళ్ళెములో అన్నమునకు కొదువ లేదు, ఆకునకు కొదువ ఉన్నది. ఇది చిన్న విషయము కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. తెలంగాణలోను సగము మందికి పైగానే ఉన్నది. ఇందుకు కారణములు పెక్కు. ఒక్క ఆకుకూరతో ఇది తీరునని నేను చెప్పను. వైద్యులు ఇచ్చిన ఇనుప మాత్రలు వేసుకొనవలసినదే. కాని దినమును పిడికెడు ఆకు పప్పులో పడు ఇంటికిని, వారమునకొకమారు పడు ఇంటికిని భేదము తప్పక ఉండును. ఆకుకూర వండినప్పుడు నిమ్మకాయ పిండుకొన్నచో అందలి ఇనుము ఒంటికి ఎక్కువగా పట్టును. భోజనము చేసిన వెంటనే టీ త్రాగినచో పట్టుట తగ్గును. ఇది కూడ గుర్తుంచుకొనదగినది.

మేలు ఎంత? ప్రచారమెంత?

ఇంటి మొక్కల వలన కలుగు మేలును గురించి నేడు అనేకులు అనేక విధములుగ చెప్పుచున్నారు. ఫలానా మొక్కను పడకగదిలో పెట్టుకొన్నచో గాలియంతయు శుభ్రమగునని, రాత్రియంతయు ప్రాణవాయువు వచ్చునని చెప్పి నూర్ల కొలది రూపాయలకు అమ్ముచున్నారు. విత్తనము కొనునప్పుడు మొలక శాతము అడుగు రైతు, మొక్క కొనునప్పుడు కూడ నిజమేమని అడుగవలెను.

ఈ మాటకు మూలము 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వెలువరించిన పరిశోధన. గాలి చొరని చిన్న పెట్టెలలో మొక్కలనుంచి, అందులోనికి హానికర వాయువులను పంపి చూడగా, మొక్కలు కుండీమట్టితో కలిసి వాటిని కొంతవరకు తగ్గించినవి. అది నిజమే. కాని మన ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు, కిటికీ, వెంటిలేటరు గుండ గాలి వచ్చుచు పోవుచు ఉండును. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమువారు అంతవరకు జరిగిన పరిశోధనల నన్నిటిని లెక్కగట్టి చూచి, కిటికీ తెరచినంత మేలు మొక్కల వలన కలుగవలెనన్నచో ఒక్కొక్క చదరపు మీటరు నేలకు కనీసము 10 మొక్కలు, అంతకెన్నో రెట్లు కూడ కావలసివచ్చునని తేల్చిరి. అప్పుడు ఇంటిలో మనుష్యులకు చోటుండదు. కావున పొయ్యి పొగకు మందు గ్యాసు పొయ్యి, పొగగొట్టము, తెరచిన కిటికీ, మొక్క కాదు. రాత్రివేళ మొక్కలు కూడ మనవలెనే ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. అది అతి స్వల్పము కనుక భయపడనక్కరలేదు, ఆశపడనూ అక్కరలేదు.

మరి నిజమైన మేలు ఏది? నాలుగు చెప్పెదను.

మొదటిది, కోసిన ఆకు కోసినట్లే వంటలో పడుట. అంగడిలో కొన్న ఆకు కోసి ఒక దినమో, రెండు దినములో అయియుండును. ఆకు వాడిన కొలది అందలి ‘సి’ విటమిను తగ్గిపోవును.

రెండవది, చల్లదనము. ఆకు నీటిని ఆవిరిగా విడుచుచు చుట్టునున్న వేడిమిని తీసికొనును. పడమటి గోడకు బచ్చలి తీగనో, చిక్కుడు తీగనో ప్రాకించినచో సాయంకాలపు ఎండ గోడకు తగులదు. రేకుల ఇండ్లలో ఉండువారు ఈ మేలును వెంటనే గ్రహింతురు.

మూడవది, ఇంటి వ్యర్థము ఎరువగుట. కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు, బియ్యము కడిగిన నీళ్ళు వీధి కాలువలో పడి దోమలను పెంచుటకు బదులు మొక్కను పెంచును.

నాలుగవది, మనసునకు ఊరట. పచ్చని మొక్కల నడుమ కొంతసేపు ఉన్నవారికి మనసు కుదుటపడునని పలు పరిశోధనలు చెప్పుచున్నవి. పంట పోయిన ఏడాది ఇంటిలో ఒక బంతి పూచినను చాలునని మన పెద్దలకు పరిశోధన లేకయే తెలియును. బతుకమ్మ పండుగకు బంతి, చేమంతి ఇంటనే పూచినచో ఆ ముచ్చట వేరు.

ఏ మొక్కలు పెంచవలెను?

కొత్తగా మొదలుపెట్టువారు ఐదు కుండీలకు మించి పెట్టరాదు. ఇరువది పెట్టి పదునెనిమిది చంపుకొనుట కంటె ఐదు పెట్టి ఐదింటిని బ్రతికించుకొనుట మేలు.

కరివేప ఒకటి. దీనికి పెద్ద కుండీ కావలెను. తోటకూర ఒకటి, విత్తిన 25, 30 దినములలో కోతకు వచ్చును. బచ్చలి ఒకటి, ముదురు కాడ నాటినను బ్రతుకును, కోసిన కొలది చిగిర్చును. పుదీన ఒకటి, అంగడిలో తెచ్చిన కట్టలోని కాడలనే నాటవచ్చును. సగము నీడలోను పెరుగును. ఐదవది మీ ఇష్టము: తులసియో, బంతియో, మందారమో.

ఇంటి లోపల, ఎండ తగులని చోట పెట్టదలచినచో మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు వంటివి తక్కువ వెలుతురును ఓర్చుకొనును. అయినను చీకటిగదిలో ఏ మొక్కయు పెరుగదు. పగటివేళ దీపము లేకుండ వార్తాపత్రిక చదువుకొనగలిగినంత వెలుతురున్న చోటనే మొక్కను ఉంచవలెను. ఆకుకూరలకు మాత్రము దినమునకు కనీసము నాలుగైదు గంటల ఎండ కావలెను.

కుండీలో మట్టి

మన ప్రాంతమున నల్లరేగడియు, ఎర్రచెల్కయు రెండును కలవు. చేనిలో రేగడి గొప్పదే. కుండీలో మాత్రము ఒట్టి రేగడి పనికిరాదు. తడిసిన బురద, ఎండిన రాయి. బిగుసుకొని కుండీ గోడను విడిచివేయును. పోసిన నీరు ప్రక్కల నుండి జారి క్రిందికి పోవును. నడుమనున్న వేరు ఎండియే యుండును. చెరువుల నుండి, జలాశయము నుండి తీసిన పూడిక మట్టి గుణము కూడ ఇదియే. అందులో సారము ఉన్న మాట నిజము. నిజాంసాగరులో మొదట 29.72 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టెడిది. పూడిక చేరిన పిమ్మట 17.80 శతకోటికి తగ్గినది. ఆ పూడిక యంతయు ఎగువ చేల పైమట్టియే కదా. అయినను కుండీలో దానిని పాలుగా కలుపవలెనే గాని దానితోనే నింపరాదు.

చెల్కమట్టి దొరకువారు రెండు పాళ్ళు చెల్కమట్టి, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలుపుకొనవలెను. రేగడియే ఉన్నవారు ఒక పాలు రేగడి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన ఎరువు కలుపుకొనవలెను. రైసు మిల్లుల వద్ద ఊక చవుకగా దొరకును. నల్లగా మాడ్చిన ఊకను కొంత కలిపినచో మట్టి గుల్లగా ఉండును. పచ్చి ఊక కలుపరాదు. అది చివుకునప్పుడు మట్టిలోని నత్రజనిని సూక్ష్మజీవులు తమకొరకు తీసికొనును, మొక్క పాలిపోవును. పచ్చి పేడయు కుండీలో వేయరాదు. అది వేరును మాడ్చును. చెదలును, కలుపును తెచ్చును. చివికిన ఎరువనగా చేతిలోకి తీసికొన్నప్పుడు వాసన లేక, వెచ్చదనము లేక, పొడిపొడిగా రాలవలెను.

కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. దానిపై ఒక పెంకుముక్క బోర్లించి మట్టి నింపవలెను. అంచునకు రెండంగుళములు వెలితిగా ఉంచినచో నీరు పోయుటకు చోటుండును.

ఇచట ఒక్క హెచ్చరిక. పురుగుమందుల డబ్బాలను కోసి కుండీలుగా వాడుట కొన్ని పల్లెలలో కలదు. ఎన్నిసార్లు కడిగినను ఆ పని చేయరాదు. తినెడి ఆకును పెంచుటకు అసలే వాడరాదు. మట్టి కుండీ, పగిలిన బిందె, పాత బకెట్టు, సిమెంటు గోలెము, ఏదియైనను మంచిదే. మందు డబ్బా మాత్రము వద్దు. ఖాళీ డబ్బాను చిల్లులు పొడిచి, మరి వాడుటకు వీలులేకుండ చేసి, బావికిని కాలువకును దూరముగా పారవేయవలెను.

మేత సంగతి

ఇక అసలు విషయమునకు వత్తును. నేలలో నాటిన మొక్క మేతకు విడిచిన పశువు వంటిది. ఇచట దొరకనిచో వేరును అచటికి చాచి వెదకుకొనును. కుండీలోని మొక్క గుంజకు కట్టిన దూడ వంటిది. మనము తెచ్చి వేసినదే దాని మేత. వేయకున్నచో పస్తు, అతిగా వేసినచో అజీర్ణము. కుండీ మొక్కలకు వచ్చు కష్టములలో పెక్కు ఈ రెండింటి వలననే కలుగుచున్నవి.

మొక్క ఎంత తినును? ఇందుకొక పాత ప్రయోగము చెప్పెదను. నేటి బెల్జియము దేశములోని వాన్ హెల్మాంట్ అను శాస్త్రజ్ఞుడు ఒక పెద్ద తొట్టిలో సుమారు 90 కిలోల ఎండిన మట్టి తూచి పోసి, రెండుంబావు కిలోల విల్లో మొక్కను నాటి, ఐదేండ్లు నీరు మాత్రమే పోసెను. ఈ సంగతి 1648లో అచ్చయినది. ఐదేండ్లకు చెట్టు సుమారు 77 కిలోలు తూగినది. మట్టిని తిరిగి ఎండబెట్టి తూచగా తగ్గినది సుమారు 57 గ్రాములు మాత్రమే! చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తలచెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుండి, నీటి నుండి, ఎండ సాయమున మొక్క తన ఒడలిని కట్టుకొనునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాని ఆ తగ్గిన 57 గ్రాములు ఏమి? నత్రజని, భాస్వరము, పొటాషు, సున్నము, ఇనుము మొదలగునవి వానిలోనివే. అవి మోతాదులో చిన్నవి. లేనిచో మాత్రము పని సాగదు. పప్పులో ఉప్పు వంటివి. ఉప్పు లేని పప్పు చప్పన; గుప్పెడు వేసినచో నోట పెట్టరాదు.

రైతు చేయి పెద్దది. బస్తాలతో చల్లిన చేయి కుండీ వద్దకు వచ్చినప్పుడు కూడ గుప్పిట విప్పును. అక్కడనే మోసము జరుగుచున్నది. లెక్క వేసి చూతము. నేడు యూరియా బస్తా 45 కిలోలు. ఎకరమునకు ఒక బస్తా చల్లినచో ఒక చదరపు మీటరు నేలకు సుమారు 11 గ్రాములు పడును. పండ్రెండంగుళముల కుండీ మూతి వైశాల్యము చదరపు మీటరులో పదునాల్గవ వంతు. అనగా ఆ కుండీ వంతునకు వచ్చు యూరియా ఒక గ్రాము కూడ కాదు. రెండు వ్రేళ్ళతో తీసిన చిటికెడు. అదే కుండీలో ‘పచ్చబడును గదా’ అని గుప్పెడు యూరియా, అనగా 40 గ్రాములు వేసినచో, అది ఎకరమునకు సుమారు 50 బస్తాలు చల్లినట్లు! మీ వరి చేనికి ఎవరైన 50 బస్తాలు చల్లుదురా? మరునాటికి కరివేప ఆకులు మాడినచో తెగులు వచ్చినదని చీడమందు కొరకు దుకాణమునకు పరుగెత్తుట ఎంత పొరపాటో మీరే యోచింపుడు. ఉప్పు ఎక్కువైన మట్టి వేరులోని నీటిని తిరిగి పీల్చుకొనును. తడి మట్టిలో నుండియు మొక్క దాహముతో ఎండిపోవును.

మేత పెట్టు పద్ధతి ఇది. కొంచెముగా పెట్టవలెను, తరచుగా పెట్టవలెను, తడిమట్టిపైననే పెట్టవలెను.

అన్నిటికంటె నిరపాయమైనది చివికిన పశువుల ఎరువు, లేదా వానపాముల ఎరువు. పండ్రెండంగుళముల కుండీకి నెలకు రెండు గుప్పిళ్ళు, పై మట్టిని పుల్లతో గుల్లచేసి కలిపి నీరు పోసినచో చాలును. మూడు నెలలకొకమారు గుప్పెడు వేపపిండి కలిపినచో మేతయు అగును, వేరు పురుగును తగ్గును.

ఆకుకూరలకు వేగముగా అందు మేత కావలెనన్నచో వంద గ్రాముల పల్లిచెక్కను లీటరు నీటిలో మూడు దినములు నాననిచ్చి, వడగట్టి, దానికి పది రెట్లు నీరు కలిపి, కుండీకి పావు లీటరు చొప్పున పదిహేను దినములకొకమారు పోయవచ్చును. వాసన వచ్చును గావున సాయంకాలము పోసి, మరునాడు మంచినీరు పోయవలెను.

యూరియాయే వాడదలచినచో చెంచాడు, అనగా సుమారు 4 గ్రాములు, నాలుగు లీటర్ల నీటిలో కరగించి, కుండీకి అర లీటరు చొప్పున నెలకొకమారు పోయవలెను. అంతకు మించరాదు.

ఇంటి పదార్థములను గురించియు పలు మాటలు వినవచ్చుచున్నవి. బియ్యము కడిగిన నీళ్ళు మంచివే. ఉప్పు కలియనివి, ఆనాటివి పోయవలెను. ఇంట పాడిపశువు ఉన్నచో కుడితికి పోగా మిగిలినవే మొక్కకు. టీ పొడి వేయువారు పాలు, చక్కెర పోవునట్లు కడిగి వేయవలెను. లేనిచో చీమలు పట్టును. కట్టెల బూడిదలో పొటాషు కలదు. కాని అది క్షార గుణము కలది. మన రేగడి నేలలే క్షారము వైపు మొగ్గియున్నవి గనుక రెండు నెలలకొకమారు చిటికెడుకు మించరాదు. గ్రుడ్డు పెంకులలో ఉండునది సున్నము. అది మన మట్టిలో సామాన్యముగా కొదువ లేదు. అరటి తొక్కలను నీళ్ళలో నానబెట్టి పోయుట కంటె ఎరువు గుంటలో చివుకనిచ్చుటయే మేలు. సబ్బు నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు కుండీలలో పోయరాదు.

ఇంకొక మాట. మొక్క పెరుగునప్పుడే మేత తినును. కొత్తగా నాటిన మొక్కకు మూడు వారములు ఎరువు పెట్టనక్కరలేదు. వాడిన మొక్కకు, జబ్బు పడిన మొక్కకు ఎరువు మందు కాదు. జ్వరము వచ్చిన బిడ్డకు బూరెలు పెట్టుదుమా?

నీరు

కాలువ క్రింది రైతుకు నీరు నిలువగట్టుట అలవాటు. వరి కాండములోను, వేరులోను గాలి పోవు సన్నని గొట్టములు కలవు. అందువలన అది నిలువ నీటిలోను ఊపిరి పీల్చుకొనును. తులసికిని, కరివేపకును ఆ సదుపాయము లేదు. నీరు నిలిచినచో వాని వేరు ఊపిరాడక కుళ్ళును. కావున కుండీని మడిగా చూడరాదు.

వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో దింపి చూడుడు. తడి తగిలినచో నీరు వద్దు. పొడిగా ఉన్నచో అడుగు రంధ్రము నుండి కారువరకు పోయుడు. దినమును చెంబెడు చొప్పున పై పైన చిలకరించుట కంటె ఇది మేలు. వేసవిలో దినమును అవసరమగును. చలికాలమున మూడు నాలుగు దినములకొకమారు చాలును. బోరు నీటిలో ఉప్పులు ఎక్కువ. కొన్ని నెలలకు కుండీ అంచున, మట్టిపైన తెల్లని పొరగా పేరుకొనును. అట్లు కనిపించినచో పై పొరను గీకివేసి, రెండు మూడు బిందెల నీరు మెల్లగా పోసి ఉప్పును అడుగు నుండి పోనీయవలెను. వాన కురియునప్పుడు కుండీలను బయటపెట్టుట ఇందుకు అన్నిటికంటె సులభమైన ఉపాయము.

ఆకు చెప్పు మాట

మొక్కకు నోరు లేదు, ఆకు ఉన్నది. దానిని చదువుట నేర్చుకొనవలెను.

అడుగు ఆకులు మొదట పసుపుబారి, మొక్క అంతయు పాలిపోయినచో నత్రజని చాలలేదు. ముదురు ఆకుల అంచులు మాడుచున్నచో పొటాషు లోపము కావచ్చును. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రము పచ్చగా ఉన్నచో ఇనుము అందుటలేదు. సున్నపు మట్టిలో, బోరు నీటి క్రింద పెరుగు కరివేపకు, మందారమునకు ఇది తరచుగా వచ్చును. అప్పుడు యూరియా వేసి లాభము లేదు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కరగించి, చల్లని వేళ ఆకులపై వారమునకొకమారు రెండు మూడు పర్యాయములు పిచికారి చేయవలెను. అన్ని ఆకులును పసుపుబారి మట్టి చెమ్మగా ఉన్నచో అది నీరు ఎక్కువైన గుర్తు. ఆకు కొనలు మాత్రము మాడి, మట్టిపై తెల్ల పొర ఉన్నచో మేత ఎక్కువైన గుర్తు. కాడలు సాగి, ఆకులు దూరముగా వచ్చుచున్నచో వెలుతురు చాలలేదు.

పురుగు, విషము, దోమ

పేనుబంక పట్టినచో నీటి ధారతో కడిగినను చాలవరకు పోవును. పిండినల్లిని తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. అప్పటికిని పోనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీటిలో కలియుటకు కొంచెము సబ్బు కలిపి సాయంకాలము పిచికారి చేయవలెను. చేనికి కొట్టగా మిగిలిన మందును ఇంటి మొక్కలపై కొట్టుట ప్రాణాపాయము. చేనికి మందు కొట్టిన పిమ్మట కోతకు ఎన్నాళ్ళు ఆగవలెనో సీసాపై వ్రాసియుండును. ఇంటి పుదీనను ఆ సాయంకాలమే కోసి పచ్చడి నూరుదురు. తేడా గమనింపుడు.

పూవు అందముగా ఉన్నదని విషపు మొక్కను వాకిట పెంచరాదు. గన్నేరు, పచ్చగన్నేరు మొక్కలలో అన్ని భాగములును విషమే. పచ్చగన్నేరు గింజలు ప్రాణము తీయును. నర్సరీలలో అమ్ము డిఫెన్‌బేకియా ఆకు నమలినచో నోరు, నాలుక వాచును. మనీ ప్లాంటు కూడ నమలరానిదే. ప్రాకెడు బిడ్డలు, దూడలు, మేకలు ఉన్న ఇండ్లలో ఇట్టివానిని పెట్టకుండుటయో, అందని ఎత్తున ఉంచుటయో చేయవలెను.

కుండీ క్రింది పళ్ళెములోను, మనీ ప్లాంటు ఉంచిన సీసాలోను నిలిచిన తేట నీటిలో డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు నుండి దోమ వెలువడుటకు ఎనిమిది, పది దినములు పట్టును. కావున వారమునకొకమారు ఆ నీటిని పారబోసి, పళ్ళెమును రుద్ది కడిగినచో దోమ పుట్టదు. ఈ పని చేయలేనివారు పళ్ళెమే పెట్టకుండుట మంచిది.

కార్తెలనుబట్టి పని

మృగశిర కార్తెలో తొలకరి పడగానే కరివేప, మందారము నాటుకొనవలెను. తోటకూర, పుంటికూర విత్తవలెను. అప్పటినుండి స్వాతి వరకు మొక్క ఉరవడిగా పెరుగును. నెల నెలా మేత పెట్టవలెను. చిత్త, స్వాతి కార్తెలలో పాలకూర, కొత్తిమీర విత్తినచో చలికాలమంతయు ఆకు ఉండును. చలి ముదిరినప్పుడు మేతయు, నీరును తగ్గింపవలెను. మాఘము దాటి చిగురు వచ్చునప్పుడు పాత మట్టిలో పై మూడంగుళములు తీసివేసి కొత్త ఎరువు నింపవలెను. రోహిణి కార్తె ఎండలలో ఎరువు పెట్టరాదు. కుండీలను తూర్పు వైపునకు జరిపి, పాత చీరనో, నీడ వలనో కట్టి, మట్టిపై ఎండుగడ్డి పరచినచో మొక్క గట్టెక్కును. వరిగడ్డి చేలలో తగులబెట్టువారు ఇందుకైన రెండు మోపులు మిగుల్చుకొందురు గాక.

సోదరులారా, ఇందులో ఖర్చు లేదు. మట్టి మీది, ఎరువు మీది, నీరు మీది, నేర్పు తరతరములుగా మీది. కావలసినది చేతిని కొంచెము చిన్నది చేసికొనుట మాత్రమే. ఎకరములను పోషించు మీరు ఇంటి ముందటి ఐదు కుండీలను పోషించలేరా? కోతకు వచ్చిన తొలి ఆకును ఇంట బాలింతకో, చూలాలికో, ఎదుగు ఆడబిడ్డకో ముందు వడ్డింపుడు. కాలువ మన చేలను పచ్చబరచినట్లే, మీ చేతి చలువ వలన మీ పళ్ళెములును పచ్చబడవలెనని కోరుచున్నాను.